బరువెక్కిన కేబిన్

చీకటి పడ్డాక కొండమీద మిగిలిన రోప్‌వే కేబిన్‌ను ఖాళీగా కిందికి దించి, స్టేషన్‌కు తాళం వేయడం నా పని. ఆ రోజు రేకుల కప్పు మీద వాన దంచికొడుతోంది. పక్కన మా బావమరిది ఉన్నాడు. అడవిలో మనిషికోతి ఉందని వాడికి పిచ్చి నమ్మకం. పగలంతా గుహలన్నీ గాలించి, ఒంటినిండా బురదతో వచ్చాడు.

"ఇంత వానలో అది ఎక్కడ తలదాచుకుంటుంది బావా?"

"మీ అక్కనడుగు. ఆవిడకు తెలియనిది లేదు," అంటూ మోటారు వేశాను.

మోటారు మూలిగింది. ఖాళీ కేబిన్‌కు అది ఎప్పుడూ అలా మూలగదు.

"పైన ఎవరైనా ఉండిపోయారా?"

"పిట్టమనిషి లేడురా."

వాడి కళ్ళు వెలిగిపోయాయి. "ఆపకు బావా! నీకు దణ్ణం పెడతా, ఆపకు!"

నిజం చెప్పొద్దూ, నా గుండె కూడా గంతులేస్తోంది. ఆపలేదు.

పొగమంచులోంచి కేబిన్ ఊగుతూ వచ్చి దీపం కింద నిలిచింది. అద్దాలకు లోపలినుంచి ఆవిరి పట్టి ఉంది. నల్లటి అరచెయ్యి ఒకటి, చేటంత, ఆ ఆవిరిని మెల్లగా తుడిచింది. దాని కిందే పసిబిడ్డ చెయ్యంత చెయ్యి అద్దాన్ని తట్టింది.

"తల్లీ బిడ్డా!" నవ్వుతూ ఏడుస్తూ వాడు తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగరా. మరి తండ్రేడి?"

కప్పంతా వాన మోగుతూనే ఉంది. సరిగ్గా మా తలమీద మాత్రం చప్పుడు ఆగిపోయింది.