కోడికాలు కుట్టు

ఇటలీ ఫ్యాషన్‌కు పుట్టినిల్లు మా మదనపల్లె. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు.

1996 డిసెంబరు చలిలో ఆ పుట్టినింటిని ఒక ఇటలీ దొరసానికి వీధి వీధి నడిపించి చూపించింది నేనే. బటన్లూ దారాలూ అమ్ముకునే రెడ్డెప్పను.

ఆమె పేరు లుచియా. ఊరు నేపుల్స్. అక్కడ ఆమె పనీ అదే. జనాన్ని వెంటేసుకుని దర్జీల వీధుల్లో తిప్పుతుంది. ఏ కోటు ఎప్పుడు పుట్టిందో, ఎవరు కుట్టినారో చెబుతుంది. ఊరందరి కథా తెలుసు. కన్నతండ్రి కథే తెలియదు.

తండ్రి విటో కూడా దర్జీనే. యుద్ధంలో పట్టుబడి బెంగళూరు ఖైదీల క్యాంపుకు వచ్చినాడు. అక్కడినుంచి తప్పించుకున్నాడు. కుప్పం స్టేషన్లో దిగిపోయినాడని తోటి ఖైదీ ఒకడు చెప్పినాడంట. ఆ తర్వాత జాడ లేదు. ఆయన యుద్ధానికి పోయేనాటికి లుచియా ఉయ్యాల్లో బిడ్డ.

కుప్పమంతా వెతికింది. పుంగనూరు వెతికింది. బెంగళూర్లో ఇటలీ భాష నేర్చుకున్న కీర్తి అనే పిల్ల ఆమె మాటలు తెలుగు చేస్తూ వెంట ఉంది. పుంగనూరు టైలర్లు ఇద్దర్నీ నా దగ్గరికి తోలినారు.

"ఈమెకు మీ ఊరి బటన్లు చూడాలంట" అంది కీర్తి.

"నా అంగడంతా అవే కదమ్మా!"

"కోటుకు కుట్టినవి."

కోర్టు దగ్గరికి నడిపించినాను. ఒక ముసలి ప్లీడరు కోటు చూసింది. నాలుగు చిల్లుల బటన్. దారం ఒక చిల్లులోంచి మిగతా మూడింటికీ చీలింది, కోడికాలు మాదిరి. "మా ఊరి కుట్టు!" అని లుచియా ఆ ప్లీడరు పొట్ట మీద చెయ్యి పెట్టి ఏడ్చేసింది. ఆయన బెదిరిపోయి నన్ను చూసి, "కేసేందప్పా?" అన్నాడు.

తర్వాత బ్యాండుమేళం వాళ్ళ ఎర్రకోట్లు. అవీ కోడికాళ్ళే.

ఇప్పుడు ఒప్పుకుంటా. పుట్టినిల్లు అన్నది పెద్దమాట. మా ఊరికి వచ్చిన ఇటలీ అంతా కలిపితే ఆ బటనంతే.

ఆ కోట్లన్నీ కుట్టిన అబ్దుల్ సత్తార్ అంగడికి తీసుకుపోయినాను. "మా నాయన దగ్గర నేర్చుకున్నాడేమో" అని లుచియా దారంతా అదే మాట.

సత్తార్ పండుముసలి. లుంగీ, గోరింట పెట్టిన గడ్డం. ఇంటి ముందరి గదే అంగడి. ఆయన భార్య లాల్ బీ టీ తెచ్చింది.

"ఏమప్పా రెడ్డెప్పా, దొరసానిని యాడ పట్టుకొస్తివి? ఇంట్లో సెప్పినావా, లేదా?" అన్నాడు సత్తార్.

కీర్తి ఆ మాట చెప్పేసరికి లుచియా ఫక్కున నవ్వింది.

ఆమె కోటుకు ఒక బటన్ వేలాడుతోంది. సత్తార్ చెయ్యి చాపినాడు. కోటు ఒళ్ళో పెట్టుకుని కుట్టసాగినాడు. లుచియా ఆ చేతుల్నే చూస్తూ, తన భాషలో ఏదో అంది. సూది సత్తార్ వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకున్నాడు.

కీర్తి తెలుగు చేసింది. "వాళ్ళమ్మ మంచాన పడి ఉండాదంట. యాభై ఏండ్లుగా ఆయన కోసమే కాసుకోనుండాదంట. పోయినాడని తెలిస్తే నిమ్మళంగా కన్ను మూస్తాది. బతికుండీ రాలేదంటే, ఆ మాట అమ్మకు ఏ నోటితో సెప్పేది అంటాండాది."

లాల్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మా నాయన్ను మీరు ఎరుగుదురా?" అని లుచియా నేరుగా సత్తార్‌నే అడిగించింది.

సత్తార్ దారం పంటితో తెంచినాడు. కోటు మడిచి ఆమె చేతికిచ్చినాడు. నా వైపు చూసినాడు.

"పోయినాడమ్మా" అన్నాను నేను. "శానా ఏండ్లయింది. సమాధి సూపిస్తా రాండి."

ఊరి చివర క్రైస్తవుల శ్మశానం. పేరు చెరిగిపోయిన ఒక సిలువ ముందు ఆమె మోకరిల్లింది. పిడికెడు మట్టి రుమాల్లో మూట కట్టుకుంది. "అమ్మ చేతిలో పెడతాను" అంది.

సాయంత్రం బెంగళూరు బస్సు ఎక్కించినాను.

ఇందులో నేను కల్పించింది ఆ సమాధి ఒక్కటే; బస్సు పోయినాక ఆయన అంగడికి తిరిగొస్తే, లాల్ బీకి వినపడకుండా సత్తార్ నన్ను అడిగిన మాట మాత్రం అక్షరాలా నిజం: "నవ్వితే అచ్చం వాళ్ళమ్మే, సూస్తివా రెడ్డెప్పా?"