ఎడమ పట్టా

"లైను ఎప్పుడిస్తారయ్యా? అక్కడ బొగ్గు బండి నిలబడిపోయింది. పైవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు!" ఫోన్లో కంట్రోలు ఆఫీసరు అరిచాడు.

"పగిలిన పట్టా సార్. మార్చకుండా బండి వదిలితే పడిపోతుంది" అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడూ ఇదే పాట మీది. తొందరగా కానివ్వండి."

మేస్త్రి ఫోను జేబులో పడేసుకుని, "కానివ్వండ్రా, కానివ్వండి" అంటూ మనుషుల్ని తొందరపెట్టాడు. మనుషులంటే పట్టుమని పదిమంది లేరు. రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లని వెయ్యరు, వేసేవి కేకలే. పట్టాలు చూస్తే వీళ్లకంటే ముసలివి. ఒకచోట అతుకేస్తే ఇంకోచోట పగులుతాయి. ఈ చాకిరీకి అంతూ పొంతూ లేదని అందరికీ తెలుసు.

ఈ పగులు కనిపెట్టింది మేస్త్రి బావమరిది. లైను వెంట నడుస్తూ పట్టాలు చూసుకోవడం అతని డ్యూటీ. ఇవాళ అవతలి స్టేషన్ నుంచి వస్తూ, "బావా, కల్వర్టు మీద ఎడమ పట్టా లోపల పగిలింది. సుత్తితో కొడితే బొంగురుగా మోగుతోంది" అని ఫోన్ చేసి, బండిని ఆపడానికి ఎర్రజెండా పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. బండి ఆగిన చోట ఫోన్లు పలకవు. అతను పెట్టిన సుద్ద గుర్తు వానకి చెరిగిపోయింది.

ఇవతలి డిపో నుంచి వచ్చినవాళ్లు ఎడమ పట్టా కోసి, కొత్త ముక్క వేసి, బోల్టులు బిగిస్తున్నారు. వాళ్లలో ఒకడికి నస అని పేరు. వాడు ఊరుకోడు కదా!

"మేస్త్రీ, తీసేసిన దాంట్లో పగులేం కనబడట్లేదే?"

"నీ కళ్లకే కనబడేదైతే ఇంక మా బావమరిదెందుకురా? లోపలుంటుంది. నోరు మూసుకుని బిగించు."

మళ్లీ ఫోను. "అయిందా?"

"అయింది సార్. కాస్త నెమ్మదిగా రమ్మనండి."

"ఇప్పటిదాకా అయిన ఆలస్యం చాలదా? ఫుల్ స్పీడులో వదులుతున్నా."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. ఆ బండి డ్రైవరు అతని కొడుకు. ఒక్కగానొక్క కొడుకు. వంగి, కొత్త బోల్టులన్నీ చేత్తో తడిమి చూసుకున్నాడు. ఒక్కటీ వదులుగా లేదు. హమ్మయ్య అనుకుని, పక్కకి వచ్చి పచ్చజెండా ఎత్తాడు.

దిగుడు మీద ఇంజను కనబడింది. వెనకాల కొండంత బొగ్గు. అంతలో బావమరిది ఫోను.

"బావా, అల్లుడి ఇంజన్లోనే ఎక్కేశా. ఇద్దరం ఇంటికొచ్చేస్తున్నాం, అక్కకి చెప్పు..."

"చెబుతాలేరా. లైను బాగుంది, వచ్చెయ్యండి."

అవతల నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"బావా... ఎడమది మార్చమన్నాను కదా! కొత్త పట్టా మాకు కుడి పక్కన కనబడుతోందేంటి?"