మూడో షరతు

కొన్న ఇరవయ్యో రోజున ఎర్ర కారు నాలుగు రోడ్ల మధ్యలో ఆగిపోయింది. ఆగితే ఆగింది, గుప్పుమని పొగ కూడా వదిలింది. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. పక్కసీట్లో కూతురు తొమ్మిదో నెల పొట్ట పట్టుకుని, "అమ్మా, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఈ బండిలోనేనా?" అంది నెమ్మదిగా.

ఆ మాటకి ప్రూఫ్ మేడమ్ మనసు చివుక్కుమంది.

ప్రెస్సులో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా అచ్చుతప్పులు ఏరడమే పని. ఎక్కడైనా ఒక కామా తప్పిపోతే ఆ పూట అన్నం సహించదు. అంతటి మనిషీ పాత కార్ల షాపులో తళతళలాడే రంగు చూసి బోల్తా పడింది. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం. ఆసుపత్రి చూస్తే ముప్పావుగంట దూరం. పురిటి వేళకి ఇంట్లో బండి ఉండాలని, దాచుకున్నదంతా అందులో పోసింది. ఇంక పదిహేను రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే బండిని పక్క వీధి మేస్త్రి షెడ్డుకి తోయించుకెళ్ళింది. తెల్లమీసాల పెద్దాయన. చుట్టుపక్కల ఆయన చేతికి తిరుగులేదని పేరు.

వెళ్ళేసరికి ఆయనకి మోచేతుల దాకా గ్రీజు. బల్లమీద ఫోను మోగుతోంది. "కాస్త ఆ బటన్ నొక్కి స్పీకర్లో పెట్టమ్మా" అన్నాడు. పెట్టింది. ఎవరో తన బండి ఎప్పుడిస్తావని నిలదీశారు. "సాయంత్రం" అని చెప్పి, అప్పుడు ఎర్ర కారు వైపు తిరిగాడు. చూసి, గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు అని ఒక్క ఆరా లేదు. కనీసం బానెట్ ఎత్తలేదు.

"రేడియేటర్ పగిలిందమ్మా. లప్పం పెట్టి రంగేశారు. వేడెక్కితే వెలగాల్సిన ఎర్రలైటు వెలగదు, బల్బు పీకేశారు. వెనక బ్రేకులు అరిగాయి. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి, తుప్పు మీద రేకు ఉంటుంది."

ఎత్తి చూసింది. రేకు ఉంది.

"కళ్ళా మేస్త్రిగారూ అవి, ఎక్స్‌రే మిషన్లా?" అంది. ముట్టుకోకుండా తప్పు పట్టేవాళ్ళంటే ఆవిడకి సొంతమనుషుల లెక్క.

"అనుభవమమ్మా" అని ఆయన నేలచూపులు చూశాడు. "దాచినవాడి పనితనమూ తక్కువదేం కాదు."

"పనితనమట. వాడి చేతులు పడిపోను. కడుపుతో ఉన్న పిల్ల ఎక్కే బండి ఇది."

మేస్త్రి మొహం అదోలా అయిపోయింది. పరాయి పిల్ల కోసం ఇంతలా బాధపడే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు అనుకుంది ఆవిడ.

"బండి తిరిగిచ్చెయ్యకండమ్మా" అన్నాడు చివరికి. "ఇంజను గట్టిది. సరిగ్గా చేస్తే పదేళ్ళు ఢోకా లేదు."

చెప్పినవన్నీ కాగితం మీద రాయించింది. "మధ్యలో నా సంతకమెందుకులెండమ్మా" అని నసిగాడు. "సంతకం లేకపోతే అది చిత్తుకాగితం" అని పెన్ను చేతిలో పెట్టి మరీ చేయించింది.

అక్కణ్ణుంచి నేరుగా కార్ల షాపుకి. అద్దాల గది, చల్లటి గాలి, ప్లాస్టిక్ పూలు, డీలర్ నవ్వు.

"పాత బండన్నాక చిన్నాచితకా ఉంటాయి మేడమ్. గేటు దాటాక మాకు సంబంధం లేదు."

ఆవిడ అమ్మకం కాగితం తిరగేసింది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళజోడు సర్దుకుంది.

"పన్నెండో నిబంధన. అమ్మిన మూడు నెలల్లోపు లోపం బయటపడితే అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క. బాగుచేయించుకోవడమా, డబ్బు వాపసు తీసుకోవడమా అన్నది కొన్నవాళ్ళ ఇష్టం. ఇందులో రెండు అచ్చుతప్పులున్నాయి, అది వేరే సంగతి."

డీలర్ నవ్వు సగమైంది. ఆ కాగితానికి వెనకవైపు కూడా ఉందని అప్పుడే తెలిసినట్టు చూశాడు.

"మరి ఇన్ని లోపాలున్నాయని ఎవరన్నారు?"

రిపోర్టు ముందు పెట్టింది. చదువుతూ చదువుతూ ఆయన చూపు సంతకం దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగాడు.

"ఏం చెయ్యమంటారు?" గొంతు దిగింది.

"మూడు షరతులు. ఒకటి, మొత్తం మీ ఖర్చు. రెండు, పది రోజుల్లో అయిపోవాలి, అప్పటిదాకా నాకు ఇంకో బండి ఇవ్వాలి. మూడు, మీ మెకానిక్ నా కారు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఈ రిపోర్టు రాసినాయనే చెయ్యాలి."

"మూడోది తప్పదా మేడమ్?"

"చచ్చినా తప్పదు."

"మీ ఇష్టం" అని తలొంచుకుని సంతకం పెట్టాడు. పెడుతుంటే ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆవిడకి కాస్త జాలి కూడా వేసింది.

షెడ్డుకి వచ్చేసరికి మేస్త్రి ఏదో వ్యాన్ కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"గెలిచాం మేస్త్రిగారూ" అంది ఆ కాళ్ళతోనే. "వాళ్ళ మెకానిక్‌ని దగ్గరికి రానివ్వనని తెగేసి చెప్పాను. రేపు నా మనవడో మనవరాలో ఇంటికొచ్చేది మీ చేత్తో బాగుచేసిన బండిలోనే."

బల్లమీద ఫోను మోగింది.

"కాస్త స్పీకర్లో పెట్టమ్మా" అన్నాడు అలవాటు కొద్దీ.

ఆవిడ నవ్వుకుంటూ బటన్ నొక్కింది.

"ఏం బాబాయ్," అంది ఇందాకటి డీలర్ గొంతు, "పోయిన నెల నాకోసం ఆ ఎర్ర కారులో నువ్వు కప్పిపెట్టినవన్నీ ఆవిడకి వరసగా రాసిచ్చావా, పోనీలే, ఈసారి మాత్రం నిజంగానే బాగుచెయ్యి."