నెమలి తోకలో ఖాళీ

సాయంత్రం స్నేహితులు వస్తారని దుర్గ పొద్దుటే తోటంతా కడిగింది.

పాత టైర్లకు రంగులు, కుండీలకు ముగ్గులు, దారి పక్కన బోర్లించిన గాజు సీసాలు. రంగూన్ శివారు ఇన్సేన్ మొత్తంలో ఇలాంటి తోట ఇంకొకటి లేదని ఆమె నమ్మకం.

నడిమధ్య నాన్న చేసిన సిమెంటు నెమలి. ఒళ్ళంతా పగిలిన పింగాణీ పళ్ళేల ముక్కలు అతికించి, తోకలో మాత్రం అరచేయంత చోటు వదిలేశాడు.

"ముట్టుకోకు. దాని మనిసొస్తాడు" అనేవాడు.

నాన్న పోయి ఏడాదయింది. ఆ బోసి మచ్చ ఫొటోల్లో బాగుండదని, అమ్మకు చెప్పకుండా నిన్ననే అక్కడ కొత్త టైలు పెట్టించింది దుర్గ.

గేటు చప్పుడైంది.

బయట ఒక పెద్దమనిషి. మోకాళ్ళ దాకా బురద. వంకర్లు తిరిగిన వేళ్ళ మధ్య కాగితం పొట్లం.

"ఊ సన్యాసి ఇల్లేనా అమ్మా?"

నాన్నను బర్మా మర్యాదతో పేరు ముందు 'ఊ' చేర్చి పిలిచేవాళ్ళు చాలామందే.

"ఆయన పోయారు. ఏటి కావాల?"

ఆయన చేతిలోని పొట్లం వైపు చూసుకున్నాడు.

"ఏటవతల లైంగ్‌థార్యార్ నుంచొచ్చేను. నెమలిని ఓపాలి సూసి ఎల్తాను."

"ఇప్పుడే కడిగేను. ఆ కాళ్ళతో లోపలికి రాకు. అక్కణ్ణుంచే చూడు."

ఆయన గేటు ఊచల్లోంచి తొంగిచూశాడు.

"తోకలో కాలీ ఉండాల కదమ్మా?"

"నిన్ననే పూడ్పించేను. అసయ్యంగా ఉండీది."

ఆయన నెమ్మదిగా పొట్లం విప్పాడు. నీలం పువ్వుల పళ్ళెం ముక్క.

"మా ఇంట్లో పళ్ళెం పగిలిందమ్మా" అన్నాడు, ఏదో గొప్ప చెప్పుకున్నట్టు సిగ్గుపడుతూ.

"పెంకులమ్ముకోడానికి మా ఇల్లే దొరికిందా? వెళ్ళు, వెళ్ళు!"

ఆయన ముక్కను గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బజారు నుంచి వచ్చిన అమ్మ, గేటు స్తంభం మీది ఆ ముక్క చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది.

"ఎవులొచ్చేరే?"

దుర్గ చెప్పింది. అమ్మ అప్పుడే నెమలి తోకలోని టైలు గమనించి మెట్టు మీద కూలబడింది.

"ఎంత పని సేసేవే! తుపానప్పుడు మనకి సాయం సేసిన పెతీ ఇంటికాడా ఓ పగిలిన ముక్క అడిగి తెచ్చి ఈ నెమలి సేసేడు మీ నాన్న. ఒక్కడే ఇవ్వలేపోయేడు. నాకు ఇల్లే నేదు, పళ్ళెం ఎక్కడిదన్నాడు. ఇల్లు కట్టుకున్నాక తెద్దువులే అని, ఆ కాలీ అతనికోసం ఉంచేడు."

దుర్గ బస్టాపు దాకా పరుగెత్తింది. బస్సు వెళ్ళిపోయింది. లైంగ్‌థార్యార్‌లో ఎక్కడని వెతకడం? పేరైనా అడగలేదు.

తిరిగి వస్తే గేటు బయటే ఆగిపోయిన బురద అడుగులు కనిపించాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఎవరమ్మా అతను?"

అమ్మ దుర్గ నుదుటి మీది పాత మచ్చను నిమిరింది.

"నీకయిదేళ్ళప్పుడు, తుపానుకి ఇల్లు కూలిననాడు, దూలం ఎత్తి వేళ్ళిరగ్గొట్టుకుని నిన్ను బైటికి లాగినోడు."