ఖాళీ స్థానం

"ఇక్కడ కాస్త ఆగాలమ్మా. ఆ 'లేరు' దగ్గర," అన్నాడు పార్టీ జిల్లా అధ్యక్షుడు, గొంతు బాగా తగ్గించి.

ఎంపీగారి భార్య కాగితం మళ్ళీ మొదటినుంచి అందుకుంది. "మావారు ఈ రోజు మన మధ్య లేరు." ఆగింది. "ఆయన అడిగిన వంతెన ఇక నేను అడుగుతాను."

"అదీ! ఇప్పుడు కుదిరింది," అన్నాడు మరిది.

హాల్లో ఓ మూల ఫొటోగ్రాఫర్ లైట్లు సర్దుకుంటున్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుని ఉంది. పెద్దాసుపత్రి డాక్టరు ఆ మాట చెప్పినప్పటినుంచి ఆమెకు ఏడుపు రాలేదు. ఎవరేం చెప్పినా పక్కింటివాళ్ళకి చెబుతున్నట్టే ఉంటోంది.

"మీరే నిలబడొచ్చుగా, చిన్నబాబూ?" అంది మరిదితో.

మరిది అధ్యక్షుడి మొహంలోకి చూశాడు.

"తమ్ముడు నిలబడితే 'నువ్వేం చేశావ్' అంటారమ్మా జనం. భార్య నిలబడితే కళ్ళొత్తుకుంటారు," అన్నాడు అధ్యక్షుడు. "ఉప ఎన్నిక కదా, మనం ముందే సిద్ధంగా ఉండాలి."

"నేను కాదంటే?"

"సీటు బయటికి పోతుంది వదినా. అన్నయ్య మూడుసార్లు గెలిచిన సీటు! ఏటికి అవతలివాళ్ళు ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నారు."

ఏటికి అవతల సగం, ఇవతల సగం. ఆ నియోజకవర్గం గురించి ఆమెకు తెలిసింది అంతే. భర్తను కూడా ఎక్కువగా టీవీలోనే చూసింది. పార్లమెంటులో ఖాళీ బెంచీల మధ్య లేచి, ఆ రెండు సగాలనూ కలపడానికి వంతెన కావాలని అడిగేవారు. "టైమైపోయింది, కూర్చోండి" అనేవారు సభాపతి. కూర్చునేవారు. తరవాతి సమావేశాల్లో మళ్ళీ లేచేవారు.

ఇంటికొచ్చాక ఆమె, "ఇచ్చారా?" అనేది.

"విన్నారు," అనేవారు ఆయన, చెప్పులు విడుస్తూ.

ఇప్పుడు ఆ బెంచీల మధ్య తనని ఊహించుకోబోయింది. ఏమీ కనిపించలేదు. భయం కూడా వెయ్యలేదు.

"సరే," అంది.

మరిది హమ్మయ్య అనుకున్నాడు. గోడకున్న ఎంపీగారి నవ్వుమొహం ఫొటో దించి, ఆమె పక్కన స్టూలు మీద నిలబెట్టాడు.

"కొంచెం దిగులుగా చూడండమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫర్. ఒక్క క్షణం చూసి, "చాలు చాలు, అలాగే ఉండండి," అన్నాడు.

ఆమె మొహంలో ఏదీ మారలేదు.

రెండో ఫొటోకి వెనక్కి జరుగుతూ అతను లైటు స్టాండుకి తగిలాడు. అది దభీమని పడింది. మగవాళ్ళు ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఆమె మాత్రం ఓరగా వేసిన పక్కగది తలుపు వైపు తిరిగింది.

"ఎవరొచ్చారే?" అని నీరసంగా అడిగారు లోపలినుంచి ఎంపీగారు.