ఎర్రమట్టి నీళ్లు

"మీరిద్దరూ ఈ కుండలోవే తాగాలి. నాది ముట్టుకోకండి."

రోజూ పొద్దున్నే ఇదే మాట. భర్త వంటింటి గట్టు మీద రెండు కుండలు దించాడు. మూతి పెచ్చు ఊడిన పాతది తనకి. కొత్తది ఆమెకీ, మూడేళ్ల పాపకీ.

"మీకు మాత్రం ఉత్త బోరు నీళ్లేనా?" అంది ఆమె.

"నా పొట్ట రిగ్గు గేరుబాక్సే. ఏం పోసినా తిరుగుతుంది."

నవ్వాడు గానీ, ఆమె వైపు చూడకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన బోర్లు వేసే మేస్త్రీ. ఆ వీధిలో బోర్లన్నీ ఆయన వేసినవే. కొన్నాళ్లుగా మనిషి మారిపోయాడు. పెరట్లో రేకుల షెడ్డు వేసి తాళం పెట్టాడు. గుట్ట మీంచి ఎర్రమట్టి బస్తాలకెత్తి తెచ్చి, పొయ్యి పెట్టి కాలుస్తాడు. ఆమె కుండలోకి నీళ్లు ఆ షెడ్డులోంచే వస్తాయి. వాడేసిన మట్టిని మాత్రం చేతులకి తొడుగులేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, సిమెంటు గోతిలో పూడ్చేస్తాడు.

పైగా ఇల్లు అమ్మేద్దామని ఒకటే పోరు. ఇల్లేమో ఆమె పేరు మీద ఉంది.

ఓ మధ్యాహ్నం షెడ్డు వెనక ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే ఆమె చెవిన పడింది.

"ఆర్సెనిక్కే. రంగూ రుచీ ఉండవు. మా ఆవిడకి తెలిసిందంటే వీధంతా తెలుస్తుంది. నన్ను బతకనివ్వరు."

ఆర్సెనిక్ అంటే విషమని ఆమెకి తెలుసు.

నిలదీస్తే ఏం చేస్తాడో! మర్నాటి నుంచి ఆయన గడప దాటగానే ఆ కుండ నీళ్లు ఇందులోకి, ఈ కుండ నీళ్లు అందులోకి మార్చెయ్యడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆయన చెంబెత్తి గటగటా తాగుతుంటే, పాపని ఒళ్లో అదుముకుని గుడ్లప్పగించి చూసేది.

వానలు వచ్చాయి, వెళ్లాయి. ఆమె అరచేతుల్లో నల్లమచ్చలు తేలాయి. తర్వాత పాప చేతుల్లోనూ. ఆయన అరచేతుల్లో ఎప్పట్నుంచో ఉన్న మచ్చలు, బోరు రాడ్లు పట్టీ పట్టీ వచ్చాయని ఆమె అనుకున్నవి, మాత్రం తగ్గుముఖం పట్టాయి.

అంటే కనిపెట్టేశాడు! తను మార్చిన నీళ్లు మళ్లీ మార్చేస్తున్నాడు!

ఇక ఆగలేదు. ఆవేళ నీళ్లు మార్చకముందే రెండు కుండల్లోంచీ రెండు సీసాలు నింపింది. మీద 'మాది', 'ఆయనది' అని రాసి, నీళ్ల పరీక్షలు చేసే అన్నయ్యకి పంపింది. ఎప్పటిలాగే నీళ్లు మార్చేసింది.

సాయంత్రానికి ఫోనొచ్చింది.

"ఏమే, అత్తరు పంపినట్టు నీళ్లు పంపావేంటే?" అని మొదలెట్టాడు గానీ, అన్నయ్య గొంతులో నవ్వు లేదు.

"ముందు చెప్పన్నయ్యా! విషం ఉందా?"

"ఉంది."

"నాకు తెలుసు!" అంది. పక్కన పాప దాహమని కొంగు లాగుతోంది. తమ కుండలో గ్లాసు ముంచి చేతికిచ్చింది. పాప రెండు చేతులా పట్టుకుని తాగేస్తోంది.

"నీకేం తెలుసే? బావకి ఫోన్ చేసి అంతా అడిగాను. 'మాది' అని రాసిన నీళ్లలో బావ ఎర్రమట్టితో విషమంతా లాగేశాడు, అవి మంచి నీళ్లు. విషమున్నది, వడకట్టినవి మీ ఇద్దరికే చాలుతున్నాయని బావ తను తాగుతున్న ఉత్త బోరు నీళ్లలోనే, ఆ కుండ దగ్గరికి పాపని మాత్రం వెళ్లనివ్వకు!"