ఎల్లన్న ఆఖరి మాట

“మీ తాత భోజన్న ఇంకా ఉన్నడా బిడ్డా?”

జనార్దన్ వచ్చి కూర్చోగానే మేరాజ్ బేగం అడిగిన మొదటి మాట ఇది. చాయ్ ఇంకా చేతికి రానేలేదు.

“ఉన్నడమ్మా. తొంభై దాటినయి. నిజామాబాద్ల దవాఖాన్ల ఉన్నడు. అన్నం ముడ్తలేడు. నీ ముచ్చట చెప్పినప్పటిసంది, తన బాపు ఎల్లన్న ఆఖరికి ఏమన్నడో కనుక్కొమ్మని ఒక్కటే పట్టు.”

రియాద్‌లో ఏసీలు బాగుచేసుకునే జనార్దన్‌కు ఈ ముసలమ్మ దొరకడం అదృష్టమే. మలాజ్ బస్తీలో ఆమె కొడుకు అర్షద్ ఇంట్లో ఏసీ విప్పుతూ మాటల్లో మాటగా తన ఊరి పేరు చెప్పాడు. “ఎవలింటి పిలగానివి?” అని లోపలి గదిలోంచి తెలుగులో కేక! ఎల్లన్న మునిమనవణ్ణని చెప్పగానే, తనదీ ఆ ఊరేనని, ఎల్లన్న ఆఖరి మాట తాను విన్నానని ఆవిడ బావురుమంది. ఆ రోజు ఇంకేమీ చెప్పలేక, శుక్రవారం నమాజు అయ్యాక రమ్మంది.

ఎల్లన్నను రజాకార్లు చంపారని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన పేర స్మారక గద్దె కూడా కట్టారు. భోజన్న మాత్రం ఆ గద్దె దిక్కు కన్నెత్తి చూసేవాడు కాదు. పాపం, తండ్రి మీద బెంగ అనుకునేవారు అందరూ. ఇప్పుడు ఆయన పోయేలా ఉన్నాడు. వెళ్లి చూసి వద్దామంటే ఇక్కడి యజమాని, కఫీల్, సెలవిస్తేగా! కనీసం ఆ ఒక్క మాటైనా తాత చెవిన వేయాలని జనార్దన్ ఆరాటం.

“చంపింది రజాకార్లు కాదు బిడ్డా,” అంది మేరాజ్ బేగం.

జనార్దన్ కుర్చీలో ముందుకు జరిగాడు.

“పోలీస్ యాక్షన్ అయినంక సంగతి ఇది. రజాకార్లు ఎన్నడో పారిపోయిన్రు. ఇగ మావోళ్లు ఎవలు కనవడ్తె వాళ్లమీద వడ్డరు జనం. మా అబ్బా, గదే మా నాయిన, నిజాం సర్కారుల గిర్దావర్. సర్కారు నౌకరీ చేసుడే ఆయన చేసిన తప్పు. మా ఇంటికి అగ్గివెట్టిన్రు. మీ ముత్తాత ఎవ్వలకు చెప్పకుంట, ఇంట్ల గూడ చెప్పకుంట, ఊరవతల గడ్డివాముల మమ్ముల దాచిండు. మాపటీలి గుంపు అటే వచ్చింది. ఎల్లన్న ఏం జేసిండనుకున్నవ్? అబ్బా షేర్వాణీ తొడుక్కొని, ఆ ఎర్ర రూమీ టోపీ నెత్తిన వెట్టుకొని, చేన్లవడి ఉరికిండు. గిర్దావర్ వోతుండు, వట్టుండ్రి అని అందరు ఆయనెంట వడ్డరు.”

“అంటే, మా ఊరోళ్లే సంపిన్రా?”

“మీ ఊరోళ్లే. మసక చీకటి. ఎనకనుంచి నెత్తిమీద ఒకటే దెబ్బ. టోపీ ఊడి కిందవడ్డంక గాని ఎల్లన్న అని తెల్వలే. తలో దిక్కు ఉరికిన్రు. తెల్లారి అందరు ఒక్క తాన కూసొని రజాకార్ల మీదికి తోసిన్రు.”

జనార్దన్‌కు కన్నీళ్లు ఆగలేదు. ఆ వెంటనే కోపం నషాళానికంటింది. ఎవరై ఉంటారు? ఏ ఇంటివాడు? ఆ ఇంటి బువ్వ ఎన్నిసార్లు తిన్నామో, ఆ ఇంటికి పిల్లనిచ్చామేమో!

“కొట్టినోడు ఎవడమ్మా?”

ఆమె దుపట్టా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “గుంపు పోయినంక అబ్బా, నేను ఆయన కాడికి ఉరికినం. అబ్బా ఒళ్లెనే పానం వోయింది. ‘నన్ను కొట్టినోని పేరు ఎవ్వలకు చెప్పకుండ్రి సాబ్. తెల్వక కొట్టిండు. బతకనియ్యుండ్రి’ అన్నడు. గదే ఆఖరి మాట.”

“నీకు పేరు ఎర్కేనా?”

“ఎర్కే. చెప్పొద్దన్నడు గద బిడ్డా. అబ్బా సచ్చేదాంక ఎవ్వలకు చెప్పలే, నేను గూడ చెప్ప. కని మీ తాతకు ఈ మాట చెప్పు. పానముండంగనే చెప్పు.”

జనార్దన్ అక్కడే ఫోన్ కలిపాడు. దవాఖానలో చెల్లెలు కావ్య ఫోన్‌ను తాత చెవి దగ్గర పెట్టింది. గడ్డివాము, టోపీ, దెబ్బ, ఆఖరి మాట, ఏదీ దాచకుండా చెప్పాడు.

“ఆ పాపాత్ముడు ఎవడో తెలిస్తే బొంద వెడ్తుంటి తాతా!” అని ఏడ్చేశాడు జనార్దన్.

అవతలి నుంచి ముసలాయన అడిగాడు.

“అయితే... కొట్టింది నేనని బాపు గుర్తువట్టిండా?”